నాన్న స్వెట్టరు, నా నూలు చేతులు

పోయిన చలికాలం నేను మా నాన్న స్వెట్టరుని పాడుచేశాను. ఎలా అంటారా? ఉతికాను. అంతకుమించి ఏమీ చెయ్యలేదు.

ముదురు గోధుమరంగు స్వెట్టరది. ముందువైపు రెండు జడలు అల్లినట్టు మెలికలు కిందినుంచి మెడదాకా వస్తాయి. మా అమ్మ అల్లింది. నాన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం మీద ఢిల్లీలో ఉన్న పదకొండేళ్ళలో, ఆర్.కె.పురం క్వార్టర్లలో, పక్కింటి పంజాబీ ఆవిడ దగ్గర నేర్చుకుంది. చలికాలం మధ్యాహ్నాలు ఆడవాళ్ళందరూ ఎండలో మంచాలు వేసుకుని కూర్చునేవాళ్ళట. ఒకరు బఠాణీలు ఒలుస్తుంటే ఇంకొకరు ఊలు అల్లేవాళ్ళు. అమ్మకి మొదట్లో హిందీ రాదు. "నా బదులు సూదులే మాట్లాడేటివి" అని చెప్పేది. అమ్మ పోయి ఆరేళ్ళయింది. నాన్న నాలుగేళ్ళుగా హైదరాబాదులో మా దగ్గరే ఉంటున్నారు. డిసెంబరు రాగానే ఆయన అడిగే మొదటి వస్తువు ఆ స్వెట్టరే.

ఆ జనవరిలో నాన్నకి దగ్గు పట్టుకుంది. మూడు వారాలు వదల్లేదు. స్వెట్టరు నిండా అమృతాంజనం వాసన, ఛాతీ మీద దగ్గుమందు మరకలు. దాంట్లో ఎన్ని క్రిములు ఉన్నాయో, మళ్ళీ దగ్గు తిరగబెడుతుందేమోనని నా భయం. కాస్త తగ్గాక, ఒకరోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు తీసి మెషిన్లో వేశాను. శుభ్రంగా పోవాలని 60 డిగ్రీల వేడి పెట్టాను. 'కాటన్' అని రాసి ఉన్న చోటికి మీట తిప్పాను. పౌడరు మామూలుకంటే ఒక చెంచా ఎక్కువే పోశాను. గంటన్నర తిరిగింది.

తలుపు తీసి చేతిలోకి తీసుకుంటే ఒక్కక్షణం అదేమిటో నాకు అర్థం కాలేదు. బొంత ముక్కలా దళసరిగా, బిరుసుగా ఉంది. మూడో తరగతి పిల్లవాడికి సరిపోయేంత అయింది. చేతులు మోచేతి దాకా కూడా రావు. అమ్మ అల్లిన జడలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియకుండా పోయాయి.

నాన్న చూశారు. చేత్తో రెండుసార్లు తడిమి, మడిచి తన దిండు పక్కన పెట్టుకున్నారు. "ఏం గాదు తియ్యి బిడ్డా, చలి తగ్గింది గదా" అన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

తిట్టే బాధ్యత మా మేనత్త తీసుకుంది. ఫోన్లో సంగతి విని, "గంత సదువుకున్నవు, ఆడదానివై ఉండి గామాత్రం తెల్వదా?" అంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ మాటే. పదిరోజులు అది నా చెవిలో గింగిరాలు తిరిగింది. నిజమే, నాకు తెలియదు. కానీ ఎందుకు తెలియదు? తెలిసే అవకాశం ఎక్కడుంది? స్వెట్టరు పోయిన దిగులుకంటే ఆ ప్రశ్నే నన్ను ఎక్కువ తినేసింది.

మనది నూలు దేశం. మన చేతులు నూలు చేతులు. మా అమ్మమ్మకి, అమ్మకి, నాకూ బట్టలుతకడం అంటే తెలిసింది ఒకటే. నానబెట్టు, సబ్బు రుద్దు, బండమీద బాదు, గట్టిగా పిండు, గంజి పెట్టు, దులిపి ఎండలో ఆరెయ్యి. మురికి ఎక్కువైతే వేడినీళ్ళు. తెల్లబట్టలైతే చాకలి సోడా వేసి ఉడకబెట్టడం కూడా. చాకిరేవులో తరతరాలుగా జరిగింది అదే. అది మోటు పద్ధతేమీ కాదు. నూలుకి అది సరైన పద్ధతి. ఎందుకంటే నూలు పోగు తడిస్తే బలహీనపడదు, పొడిగా ఉన్నప్పటికంటే ఇంకా గట్టిపడుతుంది. తడి పంచెని బండకేసి కొట్టినా ఏళ్ళ తరబడి నిలబడింది అందుకే.

ఉన్ని దీనికి పూర్తిగా ఎదురు. తడిస్తే పోగు బలం తగ్గుతుంది, మెత్తబడుతుంది, లాగితే సాగుతుంది. అంటే నూలు విషయంలో మనం నేర్చుకున్న మంచి అలవాట్లన్నీ ఉన్ని దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కటే తప్పవుతాయి. నేను నిర్లక్ష్యంగా ఉతికి ఉంటే, అంటే చన్నీళ్ళలో ఒకసారి ముంచి తీసి పడేసి ఉంటే, ఆ స్వెట్టరు బతికేది. శ్రద్ధగా ఉతికాను కాబట్టే పోయింది. మా అత్తకి ఈ సంగతి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

ఇంకో మోసం కూడా జరిగింది. మా పిల్లల స్వెట్టర్లని నేను పన్నెండేళ్ళుగా అదే మెషిన్లో ఉతుకుతున్నాను. ఒక్కటీ ముడుచుకోలేదు. నవంబరు రాగానే రోడ్డుపక్కన వరసగా వెలిసే చలిబట్టల దుకాణాల్లో కొన్నవే అన్నీ. వాటిని మనం "ఊలు స్వెట్టర్లు" అంటాం, అమ్మేవాళ్ళూ అలాగే అంటారు. చాలావాటిలో ఊలు ఒక్క పోగు కూడా ఉండదు, ఉన్నదంతా యాక్రిలిక్. అది ఫ్యాక్టరీలో తయారయ్యే ప్లాస్టిక్ దారం. నీళ్ళంటే దానికి లెక్కలేదు. పేరు ఒకటే కాబట్టి స్వభావమూ ఒకటే అనుకున్నాను. మీ ఇంట్లో ఉన్నది ఏదో తెలుసుకోవాలంటే లోపలి కుట్టు దగ్గర ఒక చిన్న పోగు లాగి, పట్టకారతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. జుట్టు కాలిన వాసన వచ్చి, మిగిలిన నల్లటి ముక్క వేళ్ళమధ్య నలిపితే పొడి అయిపోతే అది ఉన్ని. కరిగి గట్టి పూసలా అయితే యాక్రిలిక్.

జుట్టు కాలిన వాసన అన్నాను కదా. అసలు గుట్టంతా అక్కడే ఉంది. ఉన్ని గొర్రె జుట్టు. మన జుట్టు, మన గోళ్ళు, ఆవు కొమ్ము, గొర్రె ఉన్ని, అన్నీ కెరటిన్ అనే ఒకే జాతి ప్రోటీనుతో చేసినవే. మేలురకం ఉన్ని పోగు మందం 20 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. మన తలవెంట్రుక దానికి మూడు నాలుగు రెట్లు లావు. తేడా అంతే. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అనే సామెత ఎన్నిసార్లు వాడానో, గొంగడి అంతా వెంట్రుకలే అన్న సంగతి ఒక్కసారీ బుర్రకెక్కలేదు.

మైక్రోస్కోపులో చూస్తే ఉన్ని పోగు మీద పెంకుటింటి కప్పులా పొలుసులు కనిపిస్తాయి. ఒకదానిమీద ఒకటి, అన్నీ కుదురునుంచి కొసవైపుకి వాలి ఉంటాయి. మన వెంట్రుక మీదా అంతే. నమ్మకం లేకపోతే దువ్వెనలో చిక్కుకున్న ఒక పొడుగాటి వెంట్రుక తీసుకోండి. కుదురునుంచి కొసవైపు వేళ్ళతో జారిస్తే నున్నగా పోతుంది. కొసనుంచి కుదురువైపు జారిస్తే కొంచెం గరగరలాడుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ముందుకీ వెనక్కీ నలపండి. వెంట్రుక ఉన్నచోట ఉండదు, ఒకవైపుకే నడుస్తుంది, అదీ కుదురువైపే. చిన్నప్పుడు గడ్డివెన్ను గుప్పిట్లో పెట్టుకుని వేళ్ళు కదిపితే పురుగులా పైకి పాకేది, గుర్తుందా? అచ్చం ఆ ఆటే.

ఈ పొలుసుల మీద పల్చటి కొవ్వుపొర ఉంటుంది. అందుకే ఊలు బట్టమీద నాలుగు చినుకులు పడితే ముత్యాల్లా జారిపోతాయి. కానీ లోపలి భాగానికి నీళ్ళంటే మహా ఇష్టం. గాల్లోని తేమ ఆవిరి రూపంలో పొలుసుల సందుల్లోంచి లోపలికి వెళ్ళిపోతుంది. మామూలు వాతావరణంలో నూలుబట్ట తన బరువులో ఏడెనిమిది శాతం తేమ పట్టి ఉంచుకుంటే, ఉన్ని పధ్నాలుగు నుంచి పదహారు శాతం దాకా పట్టి ఉంచుకుంటుంది. బాగా తేమగా ఉన్న గాలిలో అయితే తన బరువులో మూడోవంతు దాకా తాగేసి, తడిగా ఉన్నట్టు చేతికి తెలియనివ్వదు. ఉన్ని వ్యాపారంలో బరువు తూచేటప్పుడు ఇంత శాతం తేమ అని ముందే లెక్క కట్టుకోవడం అందుకే. లేకపోతే ముసురు రోజున కొన్నవాడు నీళ్ళకి కూడా డబ్బు కట్టినట్టవుతుంది. పాలవాడితో మనం పడే పేచీ ప్రపంచమంతా ఉందన్నమాట.

తాగిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? కెరటిన్ అంటే సన్నటి గొలుసులు. స్ప్రింగుల్లా చుట్టుకుని, పక్కపక్కన చేరి, ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టుల్లో కొన్ని గట్టివి, గంధకంతో ముడిపడినవి. వాటిని మామూలు నీళ్ళు ఏమీ చెయ్యలేవు. కొన్ని వదులైనవి, నీటి అణువు మధ్యలో దూరితే విడిపోయేవి. నీళ్ళు దూరిన కొద్దీ గొలుసులు ఎడం జరుగుతాయి, పోగు లావెక్కుతుంది. ఎంతో తెలుసా? అడ్డంగా దాదాపు 16 శాతం ఉబ్బుతుంది. పొడవు మాత్రం ఒక్క శాతం దగ్గరే పెరుగుతుంది. మళ్ళీ ఆరితే నీళ్ళు బయటికి పోతాయి, వదులు పట్టులు మళ్ళీ కలుస్తాయి, పోగు సన్నబడి యథాస్థితికి వస్తుంది. చూశారా, "ఉన్ని నీళ్ళకి ముడుచుకుంటుంది" అని మనం అనుకునేది పొరపాటు. పోగు ముడుచుకోదు, ఉబ్బుతుంది. నీళ్ళు ఒక్కటే అయితే అది వెనక్కి తిరిగే ప్రయాణమే.

జుట్టు పొడవు తేమతో మారుతుందన్న ఈ చిన్న సంగతిని పట్టుకునే 1783లో స్విట్జర్లాండు శాస్త్రవేత్త సస్యూర్ గాలిలో తేమని కొలిచే పరికరం గురించి పుస్తకం రాశాడు. దాంట్లో వాడింది మనిషి వెంట్రుకే. తేమకి సాగి, పొడికి కుంచించుకుపోతూ ముల్లుని తిప్పేది. వానాకాలంలో మా అమ్మాయి జుట్టు చూసుకుని విసుక్కుంటుంటే నాకిప్పుడు ఆ ముల్లే గుర్తొస్తుంది.

మరి స్వెట్టరు ఎందుకు చిన్నదైంది? ఉబ్బి, మెత్తబడి, సాగే గుణం వచ్చిన పోగుల్ని నేను వేడినీళ్ళలో, సబ్బుతో గంటన్నర సేపు కుదిపాను. సబ్బునీళ్ళు క్షారం కాబట్టి పోగు ఇంకా ఉబ్బింది. కుదిపిన ప్రతిసారీ ఒక్కో పోగూ తన కుదురువైపుకి కొంచెం కొంచెం పాకింది. వెనక్కి రాబోతే పక్కదాని పొలుసు అడ్డుపడింది. ఒక్కో పోగు ఒక్కో దిక్కుకి పాకుతూ, పక్కదాన్ని లాగుతూ, ముళ్ళు పడుతూ, చివరికి మొత్తం ఒక అట్టలా తయారైంది. జుట్టు అట్టకట్టడం అంటాం కదా, ఇదీ అదే. పోగుల పొడవు ఏమీ తగ్గలేదు. అవి ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి, వదలవు. ఆరబెడితే ఉబ్బు తగ్గుతుంది గానీ చిక్కు విడదు.

ఇది చదివాక నా మనసులో మొదట మెదిలింది మా అమ్మమ్మ. తలంటు పోసుకుని వచ్చిన వెంటనే దువ్వెన పట్టుకుంటే చేతిమీద కొట్టేది. తడిజుట్టు దువ్వద్దు, తువ్వాలుతో రుద్దద్దు, మెల్లగా అద్ది, చుట్టి వదిలెయ్యి, ఆరాక వేళ్ళతో చిక్కు తీసి అప్పుడు దువ్వు. వేడివేడి నీళ్ళు తలమీద పోసుకోవద్దు. కుంకుడు రసమే వాడు. చూడండి, ఉన్నిని ఎలా ఉతకాలో అక్షరం పొల్లుపోకుండా నాకు ఏడేళ్ళప్పుడే చెప్పేసింది ఆవిడ. నా తలమీద నలభై ఏళ్ళుగా ఆ నియమాలన్నీ పాటిస్తూ, నాన్న ఒంటిమీది జుట్టుని మాత్రం 60 డిగ్రీల్లో తిప్పాను.

తెలియక కాదన్నమాట. తెలిసిన ముక్కని ఇక్కడ వాడాలని తెలియక. మా చెల్లెలు హోమ్ సైన్స్ చదివింది. ఉన్ని దుస్తులను గోరువెచ్చని నీటిలో, పిండకుండా, నీడలో ఆరబెట్టవలెను అని రాసి రెండు మార్కులు తెచ్చుకుంది. ఎందుకని ఎవరూ చెప్పలేదు, అదీ అడగలేదు. నాకు కోపం వచ్చేది సరిగ్గా ఇక్కడే. ఇంటిపనిని మనకి ఎప్పుడూ ఆజ్ఞల రూపంలోనే నేర్పారు. ఇది చెయ్యి, అది చెయ్యకు. కారణం చెబితే అది చదువయ్యేది, ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికొచ్చేది. ఆజ్ఞగా చెబితే ఆ ఒక్క వస్తువు దగ్గరే ఆగిపోతుంది. పైగా తప్పు జరిగినప్పుడు "ఆడదానివై ఉండి" అనే మాట సిద్ధంగా ఉంటుంది, అదేదో పుట్టుకతో రావలసిన విద్యలాగా. మా ఆయనకి మా మెషిన్ మీద ఎన్ని మీటలున్నాయో ఇరవై ఏళ్ళుగా తెలియదు. ఆ విషయం మీద మా అత్త ఇంతవరకు ఫోన్ చెయ్యలేదు.

మా నాన్న వాళ్ళ ఊరు మహబూబ్‌నగర్ వైపు. అక్కడ కురుమలు గొంగళ్ళు నేస్తారు. దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని వడికి, పడుగు దారానికి చింతగింజల గంజి పట్టించి నేస్తారు. మా తాతకి ఒక గొంగడి ఉండేది. వానలో గొర్లు కాసేవాళ్ళు దాన్నే కొప్పెర చేసి నెత్తిమీదనుంచి వేసుకునేవాళ్ళు. పైన వాన కారిపోతుంటే లోపల మనిషి వెచ్చగా ఉండేవాడు. తాత చెబితే గొప్పలనుకునేదాన్ని. ఉన్ని తేమని పీల్చుకునేటప్పుడు కొంత వేడి పుట్టిస్తుందని, ఆ చలిలో ఒంటికి అది తోడవుతుందని ఇప్పుడు చదివితే తెలిసింది. ఆ గొంగడిని ఎవరైనా ఉతకగా నేను చూడలేదు. ఎండలో దండెం మీద వేసి కర్రతో దుమ్ము దులిపేవాళ్ళు, అంతే. నేను మొన్నటిదాకా దాన్ని అశుభ్రమే అనుకున్నాను. ఉన్ని తేమని తాగి, గాలికి పెడితే వదిలేస్తుంది, దాంతోపాటు వాసనలూ చాలావరకు పోతాయి. రోజూ ఉతకాల్సిన నూలుబట్టతో దాన్ని పోల్చడమే తప్పు. కడగడం ఒక్కటే శుభ్రం అనుకోవడం మన నూలు చేతుల జబ్బు అనిపిస్తుంది నాకు. నాన్న స్వెట్టరుకి ఆ రోజు కావలసింది ఒక పూట గాలి, మరకల దగ్గర తడిగుడ్డతో ఒక అద్దు.

కొందరు కావాలనే అట్టకట్టిస్తారు, అది వేరే సంగతి. కాశ్మీరు నమ్దాలు చూసే ఉంటారు, పూల కుట్టుపని ఉన్న పరుపుల్లాంటివి. నెయ్యరు, అల్లరు. ఉన్నిని పొరలుగా పరిచి, సబ్బునీళ్ళు చల్లి, చాపలో చుట్టి, దొర్లించి తొక్కుతారు. నేను మెషిన్లో చేసింది అదే, ఆ పనితనం లేకుండా.

బాగుచెయ్యాలని చూడలేదా అంటే చూశాను. గోరువెచ్చటి నీళ్ళలో జుట్టుకి రాసుకునే కండిషనరు కలిపి అరగంట ఉంచి, బల్లమీద పరిచి నాలుగువైపులా మెల్లగా లాగి గుండుసూదులు పెట్టాను. రెండుసార్లు చేస్తే ఒక అంగుళం వచ్చింది. జడలు రాలేదు. కాస్త ముడుచుకున్న వాటికి ఇది పనిచేస్తుందేమో గానీ, నాలా పూర్తిగా అట్టకట్టించినవాళ్ళు ఆశ పెట్టుకోకండి.

ఆ అంగుళం కోసం లాగుతున్నప్పుడు నాన్న వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "మీ అమ్మ గూడ గిట్లనే నీళ్ళల్ల పెట్టేది" అన్నారు. అప్పుడు చెప్పారు ఆ స్వెట్టరు కథ. అది మొదట అమ్మ తనకోసం అల్లుకున్న నిండు చేతుల స్వెట్టరట. ఢిల్లీలో రెండో చలికి నాన్నకి సరైన చలిబట్ట లేదని దాన్ని మొత్తం విప్పేసిందట. విప్పిన ఊలు నూడుల్స్‌లా వంకరటింకరగా ఉంటే, నాన్న మోకాళ్ళకి చుట్టి చిలపలు చేసి, చన్నీళ్ళలో ముంచి, కింద చిన్న బరువు కట్టి నీడలో వేలాడదీసేదట. ఆరేసరికి వంకరలన్నీ పోయి కొత్త ఊలులా నిలువుగా వచ్చేదట. నీళ్ళు దూరి వదులు పట్టులు విడిపోయాయి, బరువుకి పోగు నిలువైంది, ఆరేటప్పుడు ఆ పట్టులు కొత్తచోట కలుసుకున్నాయి. అమ్మకి కెరటిన్ అన్న మాట తెలియదు. పదో తరగతి కూడా పూర్తి చెయ్యలేదు. నీళ్ళతో ఊలుని ఎలా మాట వినేలా చెయ్యాలో మాత్రం తెలుసు. నాకు నేర్పకుండానే పోయింది. నేను అడగలేదు కూడా. హైదరాబాదులో ఊలుతో ఏం పని అనుకున్నాను.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు ఎలా చేస్తున్నామో రాస్తాను, మీలో ఒక్కరి స్వెట్టరైనా బతుకుతుంది. తొట్టిలో చన్నీళ్ళు. కుంకుడు రసంగానీ, చలిబట్టల కోసమని అమ్మే ద్రవంగానీ కొంచెం. మామూలు పౌడరు వద్దు. క్షారం ఒకటి, పైగా చాలా పౌడర్లలో ప్రోటీను మరకల్ని తినే ఎంజైములుంటాయి, ఉన్ని ప్రోటీనే కదా. బ్లీచింగ్ ద్రావణం అసలు దగ్గరికి రానివ్వకండి, అది ఉన్నిని కరిగించేస్తుంది. ముంచి, చేత్తో నొక్కి వదలాలి, రుద్దకూడదు. పది నిమిషాలు చాలు. ఝాడించే నీళ్ళూ అంతే చల్లగా ఉండాలి. తీసేటప్పుడు ఒక చివర పట్టుకుని లాగకుండా రెండు చేతులతో కిందినుంచి ఎత్తాలి, తడి ఊలు తన బరువుకే సాగిపోతుంది. పొడి తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో మంచం మీద పరిచి ఆరబెట్టాలి. దండెం మీద వేస్తే ఆ ఆకారంలోనే ఆరి కూర్చుంటుంది. మెషిన్లోనే వెయ్యాలంటే లోపల కుట్టిన చీటీ చూడండి. తొట్టిబొమ్మలో చెయ్యి ఉంటే చేత్తోనే ఉతకాలి, తొట్టి మీద కొట్టివేత గుర్తు ఉంటే నీళ్ళే వద్దని. మెషిన్లో ఉతకచ్చని రాసి ఉన్న ఉన్ని కూడా దొరుకుతుంది. దాని పొలుసుల్ని క్లోరిన్‌తో అరగదీసి, పైన పల్చటి ప్లాస్టిక్ పూత వేస్తారు, అందుకని పోగులు పాకవు.

ఇది నేను ఒక్కదాన్నే నేర్చుకోలేదు. మా అబ్బాయిని, వాళ్ళ నాన్నని కూడా కూర్చోబెట్టి వెంట్రుక నలిపించాను. అబ్బాయికి ఆ వెంట్రుక నడక తెగ నచ్చింది. పోయినవారం వాడి శాలువా వాడే ఉతికి మంచం మీద పరిచాడు. కొలిచి చూశాడు కూడా, ఎక్కడా తగ్గలేదు. మా ఆయనకి మీటలు రెండు తెలిశాయి.

స్వెట్టరు సంగతి మిగిలింది. నాన్న దాన్ని దిండు పక్కనే ఉంచుకున్నారు, రాత్రిళ్ళు మోకాళ్ళమీద వేసుకునేవారు. మోకాళ్ళ నొప్పులు ఆయనకి. జారిపోతోందని నిద్రలో వెతుక్కునేవారు. ఒకరోజు ఆయనే అడిగారు, "చేతులు కోస్తే దారం ఊడొస్తదా?" అని. అల్లిన బట్ట అయితే ఒక్క పోగు తెగితే మొత్తం విడిపోయేది. ఇది అట్టకట్టింది కాబట్టి కత్తెర పెట్టినా పోగు ఊడదు. ఆ సంగతి చెప్పాను గానీ కత్తెర పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. చివరికి రెండు చేతులూ భుజం దగ్గర కోసేశాను. ఆయన మోకాళ్ళకి సరిగ్గా సరిపోయాయి. అంచు కుట్టాల్సిన పనే పడలేదు. మిగతా భాగం అలాగే ఉంది, చెరిగిపోయిన జడలతో.

తొడుక్కుని, లేచి నాలుగడుగులు వేసి చూసుకున్నారు. "వెచ్చగనే ఉన్నయి" అన్నారు. ఆ తర్వాత నావైపు తిరిగి, "వీటిని మాత్రం ఉతకకు బిడ్డా" అన్నారు.